నౌపడాలో ఆగిన పెట్టె

పాతపట్నంలో, మహేంద్రతనయ ఇసక పక్కన
డేరా టాకీసు. నేలకి పాతిక పైసలు, బెంచీకి అర్ధరూపాయి.
నాకు టిక్కెట్టు లేదు.
ఆడిన రీళ్లు వెనక్కి చుట్టే పని నాది,
కూలి కింద సినిమా.

నౌపడా నుంచి చిన్నబండిలో వచ్చేవి పెట్టెలు,
ఉప్పుగాలికి తుప్పెక్కిన మూతలతో.
ఆ వేసవిలో గుర్రాల బొమ్మ వచ్చింది.
పోస్టరు మీద తుపాకీ పట్టిన తెల్లోడు,
పక్కన జుట్టులో ఈక దోపుకున్న దొర.
ఇంగిలీసు పిక్చరని డప్పేసి చాటాం.
ఇంగిలీసూ కాదట,
ఆ సంగతి చాలా ఏళ్లకి తెలిసింది.

జర్మనీలో ఎవరో ఒకాయన
ఆ ఎడారి దుమ్ము కంట్లో పడకుండానే
బల్ల ముందు కూర్చుని నవలల మీద నవలలు రాసి పడేశాడట.
ఆ కథని ఇంకెక్కడో సున్నపురాతి కొండల్లో తీశారట.
ఈకల దొరగా వేసినవాడు ఆ కొండలవాడు కాదు,
కథలో కొండలవాడూ కాదు.
మొహం ఒకడిది, గొంతొకడిది.
ఇంతమంది ఇన్ని చేశాక
మా గవరయ్యకి మాత్రం అడ్డేమిటి?

దుంపల గవరయ్య తెర పక్కన స్టూలెక్కి
మైకు పట్టుకునేవాడు. ఇంగిలీసు ఒక్క ముక్క రాదు.
"సూడండర్రా, ఈ తెల్లబాబు రైలు పట్టాలెయ్యడానికొచ్చినాడు.
దొర ఏటంతన్నాడూ?
పట్టా నీదే బాబూ, పట్టా కింద మన్ను మాది!"
ఈలలు.
తెర మీద దొర ఎప్పుడో నోరు మూసేవాడు,
గవరయ్య నోట్లో ఇంకా మాట్లాడుతూనే ఉండేవాడు.

శనివారం సంత.
మెళియాపుట్టి కొండల్నించి చింతపండు, అడ్డాకులు దించిన సవరలు
రాత్రికి డేరాలో నేల మీద కూర్చున్నారు.
విల్లులు గేటు దగ్గరే పెట్టమన్నాడు గుమస్తా.
ఆ ఏడు విల్లు కనిపిస్తే పోలీసులు ఊరుకునేవారు కాదు.
ఒక్కోదానికీ నంబరు చీటీ కట్టాను నేనే,
సైకిళ్లకి కట్టినట్టు.

తెర మీద దొర బాణం ఎక్కుపెట్టాడు.
గవరయ్య కూడా ఊపిరి బిగబట్టాడు.
సవర జమ్మయ్య నవ్వాడు.
"అలాగ పడితే కోడికి కూడా తగల్దు."
డేరా గొల్లుమంది. గవరయ్య మైకులోనే నవ్వేశాడు.

తరవాత జమ్మయ్య నవ్వలేదు.
గుర్రాల మీద వాళ్లొచ్చి గుడారాలు తగలెట్టినప్పుడు
మోకాళ్లు దగ్గరికి లాక్కున్నాడు.
మంట వెలుగు మా అందరి మొహాల మీదా ఒక్కలాగే పడింది.
"ఆ కాగితం మీద ఏలిముద్ర ఏయించినాడే,
ఆ షావుకారు ఏ ఊరోడు?"
గవరయ్యకి మాట తడుముకోవడం అదే మొదలు.
"దూరం... మనకి శానా దూరం."
జమ్మయ్య తల ఊపాడు, ఒప్పుకున్నట్టు కాదు.

ఆఖరి పెట్టె రాలేదు.
నౌపడాలో బండి మార్చినప్పుడు మరిచారో,
ఉప్పు బస్తాల చాటున పడిందో.
కొండ అంచున దొర నిలబడి ఉన్నాడు,
కింద లోయలో ఎవడో తుపాకీ ఎత్తుతున్నాడు,
అంతే, తెర తెల్లగా అయిపోయింది.

గవరయ్య మైకు వదల్లేదు.
"గుండు తగల్నేదర్రా. దొర కొండెక్కీసినాడు.
మరి దిగడు. లెగండి, ఇళ్లకెళ్లండి."

విల్లులు ఇచ్చేశాను. చీటీలు తెంపి నా చేతిలో పెట్టారు.
పై శనివారం కొండ నుంచి ఒక్కరూ దిగలేదు.
ఆపై వారం డేరా ఎత్తెయ్యమన్నారు,
ఎందుకని అడిగే రోజులు కావవి.

చిన్నబండి పోయింది, పెద్ద లైను పడింది.
మొన్న మనవడు ఆ బొమ్మ ఎక్కడో పట్టుకుని ఫోనులో పెట్టాడు.
అవే తెల్ల కొండలు. అదే ఈక.
బాణం పట్టడం ఇప్పటికీ తప్పే.
దొర అంచుకి వచ్చి నిలబడగానే
వేలు పెట్టి ఆపేశాను.

"ఇంకా పన్నెండు నిమిషాలుంది తాతా."
"లేదురా. ఆ పెట్టె నౌపడాలో ఉండిపోయింది."

వాడు నావేపు ఒకసారి చూసి
ఫోను తీసుకెళ్లి ఛార్జింగు పెట్టుకున్నాడు.